మక్తల్ మల్లప్ప చివరి రెండు కుస్తీలు

మక్తల్ మల్లప్ప ఏ దొర గడీలోనూ పహిల్వానుగా నిలబడలేదు. గడీ పాలు తాగినవాడు గడీ చూపించినవాళ్ల మీద చెయ్యెత్తాల్సి వస్తుందని అతనికి తెలుసు. లంగోటా మూట చంకన పెట్టుకుని జాతర జాతరకూ ఒంటరిగా తిరిగాడు. గెలిచినచోట తలపాగా కట్టి గింజలు పోసేవారు, ఓడినచోట అన్నం పెట్టి పంపేవారు. అట్లాగే వయసు మళ్లింది. చెవులు నలిగి ముద్దలయ్యాయి.

రజాకార్ల కాలంలో జాతరలు ఆగిపోయాయి. పోలీసు చర్య తర్వాతనైనా మొదలవుతాయనుకుంటే, కమ్యూనిస్టుల సంఘం దళాలను వెతుక్కుంటూ మిలిటరీ ఊళ్లలో దిగింది. ఇంట్లో గింజ లేదు. మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో కుస్తీలు పెడతారని ఎవరో చెబితే మల్లప్ప బయలుదేరాడు. భార్య పుల్లమ్మ అడ్డం నిలబడింది.

"గాడ మిలిటరీ ఉన్నదంట. జర ఆగరాదూ?"

"ఆగితే ఏం తింటం?"

ఆ ఊరి బయటే మిలిటరీవాళ్లు పట్టుకున్నారు. క్యాంపు అధికారి అతని మెడా భుజాలూ చూసి, ఇంత కరువులో ఇట్లాంటి ఒళ్లు దళంవాడికే ఉంటుందని ఉర్దూలో అన్నాడు.

"పహిల్వాన్ని సాబ్. కుస్తీ పట్టి బతుకుత" అన్నాడు మల్లప్ప.

అయితే పట్టి చూపించమని అధికారి ఒక జవానును ముందుకు పిలిచాడు.

మల్లప్ప అంగీ విప్పి పక్కన పెట్టాడు. ఓడితే అబద్ధమాడావంటారు. గెలిస్తే జవానును అందరి ముందు పడగొట్టావంటారు. పొద్దున తాగిన గంజి ఎప్పుడో అరిగిపోయింది. కానీ జవాను మీదికి రాగానే ఆలోచన ఆగిపోయి, ఇన్నేళ్ల అలవాటు చేతుల్లోకి వచ్చింది. వంగి కాలందుకుని ఎత్తి వెల్లకిలా వేశాడు. వేస్తూనే, తల నేలకు తగలకుండా కింద తన అరచెయ్యి పెట్టాడు.

జవాను లేచి నవ్వుతూ అతని చెయ్యి పట్టుకున్నాడు. అధికారి నవ్వలేదు.

"నిజంగా పహిల్వానువే. అంటే దళం పోరగాళ్లకు నేర్పింది నువ్వే. పేర్లు చెప్పు."

దళంలో ఎవరున్నారో మల్లప్పకు తెలియదు. మోకాళ్ల మీద లాఠీలు పడుతుంటే తనతో కుస్తీ పట్టినవాళ్ల పేర్లు నాలుక చివరికి వచ్చాయి. ఏదో ఒక పేరు చెబితే దెబ్బలు ఆగేవి. ఆ పేరుగలవాడి ఇంటికి మిలిటరీ పోయేది. అతను తన ముంజేతిని తానే కొరుక్కుంటూ పడి ఉన్నాడు.

చలికాలం దాటాక వదిలేశారు. ఊరూరా ఆగుతూ, కట్టె ఊతంతో ఇల్లు చేరాడు. పుల్లమ్మ కలుపుకు పోయి తెచ్చిందే ఇద్దరి తిండి. మరుసటి ఏడు ఆమె కూడా జ్వరంతో మంచం పట్టింది. అప్పుడే కృష్ణ ఒడ్డున జాతర మొదలైందని తెలిసి, మోకాళ్లకు గుడ్డలు బిగించి కట్టుకుని మల్లప్ప బరిలో దిగాడు.

ఎదుట ఎల్లస్వామి, పాతికేళ్లు కూడా లేనివాడు. మొదటి పట్టుకే మల్లప్ప కాలు మడత పడింది. ఎల్లస్వామి అతని నడుం చుట్టి పట్టి నిలబెట్టాడు. చూసేవాళ్లకు అది కుస్తీలాగే కనిపించింది.

"నా మీద బరువెయ్యి పెద్దాయినా, పడకు" అన్నాడు చెవిలో.

"పడెయ్ బిడ్డా. నీకైన పేరొస్తది."

ఎల్లస్వామి వదలలేదు. చివరికి పెద్దలు ఇద్దరూ సమానమని చెప్పి, జొన్నలు చెరిసగం పోయించారు. జనం ఈలలు వేస్తుంటే మల్లప్ప ఎవరి ముఖమూ చూడకుండా మూట కట్టుకుని బయటికి వచ్చాడు.

"గెలిచినవా?" అని పుల్లమ్మ మంచంలోంచి అడిగింది.

అతను జొన్నల మూట మంచం పక్కన దించాడు. ఆమె మెల్లగా లేచి ఇసుర్రాయి ముందు కూర్చుంది. మల్లప్ప కాళ్లు చాపుకుని ఎదురుగా కూర్చుని, ఆమె చెయ్యి పక్కనే పిడి పట్టుకున్నాడు. ఆ తర్వాత అతను మళ్లీ బరిలో దిగలేదు.