టెంకాయ పట్టిన చెయ్యి

మొన్న మంగళవారం పొద్దున పదీ ముక్కాలుకు మా బంగారు గని ఊరు ఊరిగాంలో దర్జీ అంగడి మీద నేను రాసిన రేకు బోర్డును దించి ప్లాస్టిక్‌ది కట్టారు. అది చూసి పక్కింటి అమ్మాయి, నువ్వు ఏం పని చేసేదానివి అవ్వా అని అడిగింది. ఒక్క పని పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

నేను పనులు పట్టింది గని సర్కారు చేతికి వచ్చిన తర్వాతి సంవత్సరాల్లో. మా నాన్న, మా ఆయన ఇద్దరూ భూమి కిందే పనిచేసేవారు. నేను అంగళ్ల బోర్డులు చూసి తెలుగు, కన్నడ, తమిళ అక్షరాలు రాయడం పట్టుకున్నాను, చెడిపోయిన రేడియోను విప్పి, కరెంటు దెబ్బలు తిని బాగుచేయడం పట్టుకున్నాను, పంచాంగం చూసి ముహూర్తాలు చెప్పాను, చివరికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలాల్లో నీటిజాడ చూడడానికి దిగాను. టెంకాయ లేచి నిలబడిన చోట ఇంకొకటి కూడా చేసేదాన్ని. సొరంగం కప్పును ఇనుపకడ్డీతో తట్టితే గట్టిరాయి గంటలా మోగుతుందని, పగిలి ఊడిపడబోయే రాయి డొల్లగా పలుకుతుందని మా నాన్న అన్నం తింటూ చెప్పేవాడు. నేను పొలంలో బండను తట్టి, పగులున్న చోట నీళ్లుంటాయని నమ్మేదాన్ని.

మాస్తి అనే ఊరి దగ్గర మా ఆయన అన్నకు మల్బరీ తోట ఉండేది. నీళ్లు లేక, ఆకు చాలక పట్టుపురుగులు ఆకలికి చస్తుంటే బోరు వేయించాలనుకున్నాడు. ఆడది టెంకాయ పడితే గంగమ్మ లోపలికి పోతుందని ఊరంతా అంది. నీళ్లు పడకపోతే కుంచె, రేడియో, పంచాంగం, టెంకాయ అన్నీ వదిలి ఇంట్లో కూర్చోవాలని బావగారు షరతు పెట్టాడు, నేను సరేనన్నాను. బోరుబండి సాయంత్రం దాకా తిరిగింది. తెల్లటి దుమ్ము తప్ప తడి లేదు. సొరంగంలో ప్రాణం కాపాడే శబ్దాన్ని పట్టుకుని పైన నీళ్లు వెతకడం గనిమనుషులు మాత్రమే చేయగల పొరపాటు.

బావగారు గట్టు మీద కూర్చుని, "ఇంగ చాలు కదమ్మా. మాట ఇచ్చినావు" అన్నాడు.

"ఇచ్చినాను బావా. నాకు ముందర ఇదే తోటలో ఇద్దరు మగోళ్లు టెంకాయ పట్టి దుమ్మే లేపినారు. వాళ్లు మానినంక చెప్పు, నేనూ మానతాను."

ఆయన భార్య, నా తోడికోడలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు ఆమె చాలా మాటలు పడింది, ఆమె మా గడప, మేం వాళ్ల గడప తొక్కకూడదని బావగారు అన్నాడు. మర్నాడు నేను ఎప్పటిలాగే బోర్డులు రాసే, రేడియోలు బాగుచేసే నా అంగడి తలుపు తీశాను. తర్వాత చూపించిన చోట్ల కొన్నింటిలో నీళ్లు పడ్డాయి, కొన్నింటిలో పడలేదు, మగవాళ్లకు పడినట్టే.

ఇప్పుడు గని మూతపడింది, రాయిని తట్టి విని లోపలికి అడుగుపెట్టే మనుషులు లేరు, నీటిజాడకు యంత్రాలు వచ్చాయి. నాకు పోయినవి లెక్కగా రాస్తున్నాను: ఇచ్చిన మాట ఒకటి, మా ఆయన తన అన్నతో కలిసి తినే పండగలు, బావగారి పిల్లల రెండు పెళ్లిళ్లు, ఆ ఊళ్లో నాకోసం నవ్విన ఒకే ఒక్క మనిషి.