పదకొండో మేకు

ఆ చర్చిలో ఆరాధనకు రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద పరిచే తెల్లగుడ్డకు పన్నెండు మంది ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. తలుపు పక్కన ఒక చెక్కపలక, దానికి పన్నెండు మేకులు, మేకుకో చెక్కబిళ్ళ. వంతు వచ్చినావిడ ఆదివారం ఆరాధన అయ్యాక గుడ్డ ఇంటికి తీసుకుపోయి, ఉతికి, ఇస్త్రీ చేసి, శనివారం సాయంత్రానికల్లా తెచ్చి పరవాలి. పదకొండో మేకు పిచ్చుకది. నోరు మూతపడకుండా కబుర్లు చెబుతుందని అందరూ పెట్టిన పేరది. బిళ్ళ మీద పేరు రాయమంటే పిచ్చుక బొమ్మ గీసింది. అది అచ్చం కోడిపెట్టలా వచ్చిందని సంఘమంతా నెల రోజులు నవ్వుకుంది.

పిచ్చుక పోయి ఎనిమిది నెలలయింది. ముప్ఫై ఒకటో ఏట, పదిహేను రోజుల జ్వరం. ఆ పదిహేను రోజులూ తల్లి ఆస్పత్రి వరండాలో మోకాళ్ల మీదే ఉంది. పదహారో రోజున లేచింది. మళ్లీ చర్చి గడప తొక్కలేదు.

ఆమెది అదే ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ పని. ఇరవై ఏడేళ్లుగా అదే కిటికీ, అదే పొడుగాటి బల్ల. దుప్పట్లు అవతలి గదిలో ఉతికి, ఆరేసి, బుట్టలకెత్తి ఆమె దగ్గరికి పంపుతారు. కూతురు పోయిన వార్డువీ అందులోనే ఉంటాయి. ఏది ఏ మంచానిదో పోల్చుకునే వీల్లేదు. మొదట్లో వెతికేది. ఇప్పుడు ఆ వెతుకులాట కూడా లేదు. పనికి వెళ్లడం, రావడం, ఇంత తినడం. ఎందుకు లేస్తున్నానని పొద్దున్నే తనను తాను అడిగేది, జవాబు దొరక్కుండానే లేచేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాస్టరమ్మ వచ్చింది. చేతిరుమాలులో చుట్టి తెచ్చిన చెక్కబిళ్ళ ఆమె ముందు పెట్టింది.

"ఇది నీ దగ్గరుంటే బాగుంటుందనిపించిందక్కా."

"ఎందుకు తీశారు?"

"కొత్తగా ఒకామె చేరింది. తనకూ వంతు కావాలంటోంది."

"ఇన్నాళ్లూ దీని వంతు ఎవరు చేశారు?"

"నేనే. రెండుసార్లు వచ్చింది. మళ్లీ ఈ వారం."

తల్లి బిళ్ళను చేతిలోకి తీసుకుంది. పిచ్చుక పనిచేసిన ఆఫీసులో పేరు కొట్టేశారు, బ్యాంకులో కొట్టేశారు. ఇంకా వస్తుందని ఆమె కోసం కాచుకుని ఉన్నది లోకంలో ఆ ఒక్క మేకే. ఆ సంగతి ఇంతవరకూ తల్లికే తెలియదు.

"ఆవిడకు పదమూడో మేకు కొట్టించండి. ఈ వారం గుడ్డ నాకివ్వండి."

"నువ్వు చర్చికి రావడం లేదు కదక్కా."

"ఇప్పుడూ రాను. ప్రార్థన కూడా చెయ్యను. ముందే చెబుతున్నా."

"గుడ్డకు కావాల్సింది సబ్బు. ప్రార్థన సంగతి తర్వాత చూద్దాంలే."

మూల కుర్చీలోంచి పిచ్చుక తండ్రి తలెత్తాడు. బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. "మా ఆవిడకు ఉతకడం రాదమ్మగారూ. ఒకళ్లు ఉతికిస్తే సాపు చెయ్యడమే తెలుసు. ఈ ఇంట్లో చాకిరేవు నాది."

"మీరు దాన్ని ముట్టుకుంటే ఊరుకోను," అంది ఆమె.

అలాగే ముట్టనివ్వలేదు. శుక్రవారం డ్యూటీ నుంచి వచ్చి, బకెట్లో నానబెట్టి, నాలుగు గుద్దులు గుద్ది, పిండి ఆరేసింది. శనివారం పొద్దున్నే ఇస్త్రీ మొదలుపెట్టింది. బల్ల మీదికొచ్చిన గుడ్డ శుభ్రంగానే ఉంటుందన్నది ఆమె చేతులకు ఇరవై ఏడేళ్ల నమ్మకం. పరిచి చూసుకోలేదు.

మూల దగ్గర వేలికి ఏదో గరుగ్గా తగిలింది. మాసిక. ఇస్త్రీపెట్టె మొన అంత మేర గుడ్డ కాలితే, కత్తిరించి అతుకు వేసి కుట్టారు. కుట్లు ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి. ఆ చేతిపని ఎవరిదో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. ఇస్త్రీ మనిషి కడుపున పుట్టి గుడ్డ కాల్చింది, కాల్చి తల్లికి తెలియకుండా దాచింది. ఎడమచేత్తో ఆ కుట్లు తడుముతూ ఉండిపోయింది. కుడిచెయ్యి దాని మానాన అది నడిచింది.

చూసుకునేసరికి పెట్టె కింద ద్రాక్షరసం మరక, అరచెయ్యంత. తన ఉతుకుడికి పోకుండా మిగిలిన మరక, వేడికి గోధుమరంగు తిరిగి కూర్చుంది. మరక మీద పెట్టె పోనిస్తే జన్మలో వదలదు. లాండ్రీలో కొత్తగా చేరే ప్రతి పిల్లకీ మొదటిరోజు ఆమె చెప్పే మొదటి మాట అదే.

"నిమ్మకాయ పెట్టి రుద్దనా?" అన్నాడు భర్త.

"పోదు."

ఆమె నేల మీద చతికిలబడింది. బిడ్డను నిలుపుకోలేకపోయింది. బిడ్డ వంతైనా నిలబెట్టలేకపోయింది. ఏడుపు కూడా రాలేదు.

సాయంత్రం గుడ్డా, బిళ్ళా ఒకే సంచిలో పెట్టుకుని చర్చికి వెళ్లింది. "పాడు చేశాను. ఆ మేకు కొత్తావిడకిచ్చెయ్యండి."

పాస్టరమ్మ గుడ్డ విప్పి మరకను చూసింది. పోనీలే అనలేదు. "మనకున్నది ఇదొక్కటే. ఇదే పరవాలి. ఆ చివర పట్టుకో."

ఇద్దరూ చెరో చివరా పట్టుకుని పరిచారు. తల్లి మాసిక దగ్గర ఆగింది. "ఇదెప్పుడు జరిగింది?"

"మూడేళ్లయింది. ఆ బెంచీ మీదే కూర్చుని కుట్టింది. మా అమ్మకు చెప్పకండి, చూసిందంటే విప్పదీసి మళ్లీ కుట్టిస్తుంది అంది. ఆ రోజు బిళ్ళ కూడా తీసేస్తానంది."

"మీరేమన్నారు?"

"పన్నెండు వారాలకు మళ్లీ వంతొస్తుంది, ఈలోగా అమ్మ దగ్గర ఇస్త్రీ నేర్చుకోమన్నా." పాస్టరమ్మ సంచిలోంచి బిళ్ళ తీసి పదకొండో మేకుకు తగిలించింది. "నువ్వు ఉతకడం నేర్చుకో. బావగారికి వచ్చుగా."

ఆదివారం ఆమె వెళ్లింది. చివరి బెంచీలో, తలుపు దగ్గర కూర్చుంది. పాస్టరయ్యగారు రొట్టెపళ్లెం తెచ్చి సరిగ్గా మరక మీదే పెట్టారు. మరక సగం దాని కింద దాగింది, సగం బయటే ఉంది. ఆ బల్ల మీద అది ఎవరికీ అడ్డు రాలేదు. ఒక్కొక్కరే ముందుకెళ్లి రొట్టె తీసుకున్నారు. ఆమె వెళ్లలేదు. తల మాత్రం వంచింది. ఎనిమిది నెలల తర్వాత దేవుడితో మాట్లాడింది.

"నేనడిగిన దానికి నువ్వు జవాబు చెప్పలేదు. ఇక చెప్పవని కూడా తెలుసు. నీ బల్లగుడ్డ మాత్రం నేను ఉతుకుతా."

గుండెల మీద బరువు ఎక్కడిదక్కడే ఉంది. ఇంటికొస్తే తలుపు వెనక పిచ్చుక చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని దాటుకుని వెళ్లి గోడ మీద క్యాలెండరు కాగితాలు తిప్పింది. పలకకు కొత్త మేకు చేరింది కాబట్టి ఇకమీద వంతుకూ వంతుకూ మధ్య పదమూడు వారాలు. ఒక తేదీ చుట్టూ పెన్సిలుతో గీత గీసింది.

అయితే అందాకా బతికి ఉండాలన్నమాట, అనుకుంది. బకెట్లో రెండు తలగడ గలీబులు వేసి, భర్తను కేకేసింది, ఉతికేముందు మరక ఎలా చూడాలో చూపించమని.