ఆడోళ్ళను ఎక్కించుకునే పడవ

నా డిగ్రీ సర్టిఫికెట్ ఎండు నెత్తళ్ళ వాసన వేస్తోంది. మొన్న నెల్లూరులో కాలేజీ నుంచి తెచ్చి ఇస్తే, మా అమ్మ సబ్బుతో ఒకసారి, చింతపండుతో ఒకసారి చేతులు తోముకుని, కొంగుకు తుడుచుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా అందుకుంది. అయినా ఇన్నేళ్ళుగా నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి అమ్మిన చేతులు కదా, వాసన కాగితానికి అంటుకుపోయింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. పదో తరగతి దాటిన మొదటి మనిషినీ నేనే. మైపాడు ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కూడా ఈ మాట చెప్పేశాను, మీకు చెప్పకుండా ఎలా ఉంటాను? ఉద్యోగం కూడా వచ్చింది, నెల్లూరులోనే! "ఏం కావాల పాపా నీకు?" అని మా నాయన అడిగితే, ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్నది చెప్పేశాను. అందరం కలిసి మద్రాసు దగ్గరున్న థీమ్ పార్కుకు పోదాం.

పోవాలంటే ఇప్పుడే పోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఎండాకాలంలో రెండు నెలలు సముద్రంలో వేట ఆపేస్తారు. మా నాయన పొద్దస్తమానం ఇంటి దగ్గర కనిపించేది ఆ రెండు నెలలే కాబట్టి, చిన్నప్పుడు మాకు అంతకు మించిన పండగ లేదు. సముద్రపు చేప దొరకదు గనక, ఎండు నెత్తళ్ళలో పుల్ల మామిడికాయ ముక్కలేసి అమ్మ వండిన కూర వీధి చివరిదాకా ఘుమాయించేది. మధ్యాహ్నాలు తాటిముంజల నీళ్ళు మోచేతులదాకా కారుతుంటే నాకుతూ, గవ్వలతో అచ్చనగాయలాడుతూ, పీతల గుంతల్లో పుల్లలు దూర్చి తరుముతూ, సరుగుడు తోపులో గాలి చేసే ఆ సన్నటి హోరు వింటూ అక్కడే నిద్రపోయేవాళ్ళం. ఆ తోపులోనే మా నాయన రెండు మానుల మధ్య చిరిగిన వల కట్టి ఊయల చేసేవాడు. అందులో పడుకుంటే ఒంటినిండా గళ్ళు పడేవి, చెల్లెలూ నేనూ ఎవరి గళ్ళు ఎక్కువున్నాయో చూసుకునేవాళ్ళం.

అన్నిటికన్నా గొప్పది పడవ. మా చెక్కపడవను ఒడ్డు మీదికి ఈడ్చి, కింద తాటిమొద్దులు పెట్టి, ఎండకు విచ్చుకున్న సందుల్లో పీచు కూరి తారు పూసేవాడు నాయన. అది ఆరాక వీధిలో పిల్లలందరినీ అందులో కూర్చోబెట్టి, ఒక పక్క భుజం ఆనించి, అటూ ఇటూ ఊపుతూ "అలొస్తా ఉండాది! గట్టిగా పట్టుకోండి!" అని అరిచేవాడు. మేం కెవ్వుమనేవాళ్ళం. కళ్ళు మూసుకుంటే చుట్టూ నీళ్ళే ఉన్నట్టు, ఊరూ తోపూ మా అమ్మా అన్నీ ఎక్కడో దూరంగా తేలిపోతున్నట్టు ఉండేది.

అమ్మ మాత్రం ఎప్పుడూ నాలుగడుగుల దూరంలో నిలబడి చూసేది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. పసిపిల్లలకు పట్టింపు లేదు, పెద్దమనిషి అయ్యాక మాత్రం అంచు కూడా తాకకూడదు. పడవ ముందుకొనలో గంగమ్మ తల్లి కూర్చుంటుందనీ, అక్కడ ఇంకో ఆడది కాలు పెడితే అలుగుతుందనీ మా అవ్వ, అంటే నాయన తల్లి, చెప్పేది. అమ్మ పుట్టింది బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున, మెట్టింది మైపాడు ఒడ్డున, అయినా జన్మలో పడవెక్కలేదు.

నాకు ఏడేళ్ళప్పుడు, ఆ ఊపు మత్తులో, "నువ్వూ రా అమ్మా" అని చెయ్యి పట్టి లాగాను. అమ్మ చుట్టూ చూసింది. నవ్వింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి, ఒక్క కాలు, ఒకే ఒక్క కాలు పడవలో పెట్టింది.

"ఏమ్మే! కాలు పెట్టినావా? ఆ తల్లి కూర్చునే చోటది!"

అవ్వ కేకకు అమ్మ కాలు తీసేసింది. ఆ సాయంత్రం అవ్వ నాయన చేత పసుపునీళ్ళతో పడవంతా కడిగించింది. నిషేధం ముగిసి పడవ మొదటిసారి వేటకు పోయి ఖాళీ వలతో తిరిగొచ్చిన రోజు, అవ్వ అమ్మ కాలి వంక చూసింది. పాప లాగిందని అమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎన్ని పరీక్షలు రాసినా ఆ జవాబు మాత్రం ఎక్కడా రాయలేకపోయాను.

నిన్న సాయంత్రం వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి, పార్కులో ఎవరికేం కావాలో కాగితం మీద రాసుకున్నాను. చెల్లెలికి తలకిందులుగా తిప్పేది ఏదైనా సరే.

"ఆటో ఎక్కితేనే కక్కతావు, నీకు తలకిందులొకటి!" అంది అవ్వ. అవ్వకు కావలసినవి రెండే. ఆడ నీడుండాదా, వక్కాకు ఉమ్మనిస్తారా?

"నాకు నీళ్ళు లేని కాడ చూడు పాపా," అన్నాడు నాయన వల కుట్టుకుంటూ. "ఏడాదంతా నీళ్ళే గదా, మళ్ళా ఆడ కూడానా?" ఆయనకు తోటలో మెల్లగా తిరిగే రైలు రాశాను.

"మీరు యాడికంటే ఆడికే," అంది అమ్మ. ఆవిడ ఎప్పుడూ అనే మాటే. ఫోను చేతికిచ్చి వీడియోలు ఒక్కొక్కటే జరిపి చూడమన్నాను. గొలుసులకు వేలాడుతూ ఈ కొననుంచి ఆ కొనకు ఊగే పెద్ద పడవ రాగానే అమ్మ వేలు ఆగిపోయింది. చాలాసేపు చూసి, నా చెవి దగ్గరకొచ్చి అడిగింది.

"ఆ పడవ ఆడోళ్ళని ఎక్కనిస్తారా పాపా?"

ఎంత మెల్లగా అడిగినా అందరికీ వినబడింది. నాయన చెయ్యి వల మీద ఆగింది. నా గొంతులో పదిహేనేళ్ళుగా ఉన్నది అప్పుడే ఊడిపడింది.

"అవ్వా, ఆ పొద్దు అమ్మను లాగింది నేనే."

"తెలుసులేమ్మే. నాకు కళ్ళు లేవా?" అంది అవ్వ. ఫోను తీసుకుని దూరంగా పెట్టి చూసింది. "ఇది వేటకు పోతాదా?"

"లేదవ్వా, ఉన్నచోటే ఊగతాది."

"అట్టయితే ఇది పడవేంది, ఉయ్యాల గదా! ఎక్కమను."

హమ్మయ్య అనుకున్నాను. అమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఉయ్యాలైతే నాకొద్దత్తా. పడవైతేనే ఎక్కతా."

మా అమ్మ నోట "నాకొద్దు" అనే మాట నేను వినడం అదే మొదటిసారి. నాయన వల పక్కన పెట్టి అవ్వ వైపు తిరిగాడు.

"అమా, దినామూ నువ్వు కూర్చునేది దేని మింద?"

అవ్వ కిందికి చూసుకుంది. మా చెక్కపడవ పుచ్చిపోయి పలకలు ఊడదీసినప్పుడు, ఒకదాన్ని వాకిట్లో రాళ్ళ మీద పరిచాం. వక్కాకు నములుతూ అవ్వ కూర్చునేది దాని మీదే. చేత్తో పలకను తడిమింది, కాసేపు నమిలింది, ఉమ్మింది.

"ఇన్నాళ్ళూ గంగమ్మ నన్నేమీ అన్లేదే!" అని పకపకా నవ్వింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "పడవేలేమ్మే. ఎక్కితే ముందుకొనలో కూర్చో," అంది.

ఆ పలక తప్ప ఇప్పుడు ఏమీ మిగల్లేదు. సరుగుడు తోపు కొట్టేశారు. వల ఊయల కట్టే మానుల్లేవు. ఇప్పటి ఫైబరు పడవను ట్రాక్టరు లాగి ఒడ్డున పెడితే, ఇసుకలో కూరుకుని పదిమంది ఊపినా కదలదు, దాన్ని ఊపాలని అనుకునే పిల్లలూ కనబడరు. తారు వాసన ఎక్కడన్నా రోడ్డు వేసేచోట తగిలితే, నేను బస్సులో ఉన్నా సరే, నా కింద నేల కొంచెం ఊగుతుంది.

అమ్మ పేరు పక్కన "పడవ" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఇందాక ఆ కాగితం తీసుకుని, ఏది ఆ మాట అని అడిగి, దాని మీద వేలు పెట్టి చూసుకుంది. ఇప్పుడు ఆ కాగితమూ నెత్తళ్ళ వాసనే. ప్రయాణం ఎల్లుండి. ఇది రాస్తుంటే వచ్చి నా పక్కన కూర్చుని, అవ్వకు వినబడకుండా అడుగుతోంది:

"పాపా, ముందు కుడికాలు పెట్టాల్నా, ఎడమకాలా?"