గాలిమర రెక్క మీద చారలు

పద్మప్రియది కుందుర్పి దగ్గర మెట్టసేద్యం చేసుకునే కుటుంబం. ఆమె అనంతపురంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు. 2006లో ఆమె పరిశోధన, వేగంగా తిరిగే వస్తువుల ఎత్తుపల్లాలను వెలుగుతో కొలవడం. వస్తువు మీద ప్రొజెక్టరుతో చారలు వేసి కెమెరాతో ఫొటోలు తీస్తారు. చార వంగినచోట ఎత్తో పల్లమో ఉన్నట్టు. అయితే చారలన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఎన్నోదో తేల్చాలి. అందుకు ఉన్న రెండు పద్ధతులను ఆమె పోల్చి చూస్తోంది. మొదటిదానికి ఒక్క ఫొటో చాలు. పక్క చుక్కను బట్టి ఈ చుక్కను లెక్కకడుతుంది. రెండోది వెడల్పు చారలతో, సన్న చారలతో వరసగా ఫొటోలు తీసి ఏ చుక్కకా చుక్కను విడిగా తేలుస్తుంది.

పరీక్షకు తెచ్చింది నీళ్లు తోడే గాలిమర రెక్క. అదే అచ్చులో పోసిన రెక్కలు కుందుర్పి గుట్ట మీద అప్పటికే తిరుగుతున్నాయి.

తిరిగే రెక్కను మొదటి పద్ధతి నున్నగా చూపింది. రెండోది మొదలు దగ్గర చిన్న మెట్టు చూపింది.

"ఫొటోకూ ఫొటోకూ నడాన రెక్క కదిలింటాది మేడం, అందుకే తప్పు చూపిస్తాండాది," అన్నాడు మోటారు నడిపే షఫీవుల్లా.

ఆమే అదే అనుకుంది. రెక్కను ఆపి కొలిస్తే రెండూ నునుపే చూపాయి. మళ్లీ తిప్పితే మెట్టు వచ్చింది. వేగం పెంచితే మెట్టు పెరిగింది. కదలిక వల్ల వచ్చిన తప్పయితే రెక్కంతా చెదరాలి కదా. పక్కపక్క చుక్కలు కలిసే ఉంటాయని నమ్మే మొదటి పద్ధతి, తిరిగేటప్పుడు విచ్చుకుంటున్న పగులును అతికించి చూపిస్తోంది. అది తట్టగానే ఆమె కేకేసింది.

"అన్నా, ఆపెయ్. రెక్క తిరిగే దారికి ఎదురుగా ఉండొద్దు, ఈ పక్కకు రా."

స్విచ్చి ఆపి అతను పక్కకు జరిగాడు. వేగం తగ్గకముందే రెక్క విరిగి, అతను నిలబడిన చోటు మీదుగా పోయి రేకుల గోడను చీల్చుకుని బయటపడింది.

ఆమె వెంటనే ఊరికి ఫోను చేసింది.

"నాయనా, గుట్ట మీద గాలిమర తిరుగుతాందా?"

"బాగా తిరుగుతాండాది. గాలి జాస్తి ఉండాది," అన్నాడు తండ్రి పుల్లన్న. "మీ అత్త బయమ్మ గొర్రెలకు నీళ్లు తాపను ఇప్పుడే ఆడికి పోయె."

"వెనక్కి పిల్చుకోని రా. ఎవర్నీ పోనీయద్దు."

పుల్లన్న పరుగెత్తి, తిడుతున్న చెల్లెల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. గాలిమరను ఆపబోతే ఆషాఢం గాలికి బ్రేకు పట్టలేదు. ఊరివాళ్లు దూరంగా నిలబడి చూస్తుండిపోయారు. కొన్నాళ్లకు ఒకరోజు తెల్లవారేసరికి ఒక రెక్క లేదు. నీళ్లతొట్టి రెండు ముక్కలై ఉంది.

ఆ రెక్కలు ఇంకా ఏయే ఊళ్లకు పోయాయో వాటిని తయారుచేసినవాళ్లు చెప్పలేదు. బస్సులో పోయేటప్పుడు పద్మప్రియ ప్రతి గుట్టనూ చూస్తుంది. తిరిగే గాలిమర కనబడితే బస్సు ఆపించి దిగుతుంది.