ఐదు వరసల రొట్టె

మా వదిన ఇంట్లో మూడు గడియారాలున్నాయి. మూడూ దండగే. చలికాలం శని, ఆదివారాలు వచ్చాయంటే ఆవిడకి కాలం గంటల్లో నడవదు, కుట్టు వరసల్లో నడుస్తుంది. నేనెప్పుడొచ్చానని అన్నయ్య అడిగితే, నాలుగో వరసలో ఉండగా వచ్చిందని చెబుతుంది. నేనేమో బస్సు డిపోలో టైమ్‌కీపర్ని. ఏ బస్సు ఎన్నింటికి గేటు దాటిందో, ఎన్ని నిమిషాలు ఆలస్యంగా తిరిగొచ్చిందో రాయడమే నా ఉద్యోగం. డ్రైవర్లు బతిమాలినా, టీలు ఇప్పించినా, మొహం మాడ్చుకున్నా ఇరవై రెండేళ్లలో ఒక్క నిమిషం అటూ ఇటూ రాయలేదు. అలాంటి నాకు ఇలాంటి వదిన. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. "గడియారం" అంటుంది.

వదిన ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో పనిచేస్తుంది. వారమంతా చిరిగిన దుప్పట్లూ దిండు గలీబులూ మిషను మీద బాగుచేయడమే. అక్కడ మోటారు పరిగెడుతుంది, దాని వెనకాల ఈవిడ పరిగెత్తాలి. అందుకేనేమో శనివారం వస్తే మిషను మొహం చూడదు. ముందుగదిలో కిటికీ పక్కన చెక్క చట్రం నిలబెట్టి, దానికి బొంత బిగించి, చేత్తో కుట్టుకుంటుంది. కింద అస్తరు గుడ్డ, మధ్యలో దూది పొర, పైన ఇంటిల్లిపాది పాత బట్టల ముక్కలు. చలికాలానికి ఒక్క బొంత. ఎంత బతిమాలినా రెండోది కుట్టదు.

ఆ రోజుల్లోనే రొట్టె కూడా చేస్తుంది. చూసేవాళ్లకి రెండు పనులు గానీ ఆవిడకి ఒకటే. పొద్దున్నే ఈస్ట్ వేసి పిండి పిసికి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి, పొయ్యి పక్కన వెచ్చగా పెడుతుంది. వచ్చి చట్రం ముందు కూర్చుంటుంది. ఐదు వరసలు కుట్టేసరికి పిండి గిన్నె అంచుదాకా పొంగుతుంది. లేచి దాన్ని అణిచి, రేకు అచ్చులో సర్ది, మళ్లీ రెండు వరసలు. ఆ తర్వాత ఓవెన్లో పెట్టి ఒకటిన్నర వరస. రొట్టె బయటికొచ్చేసరికి పైన ఎర్రగా, లోపల దూదిలా ఉంటుంది.

ఒక ఏడు నాకు ఒళ్లు మండి, తప్పు పట్టి తీరాలని వాచీ పెట్టుకుని పక్కన కూర్చున్నాను. మొదటి వరస ఇరవై నిమిషాలు. రెండోది ఇరవై. ఐదోదీ ఇరవయ్యే. మధ్యలో పక్కింటావిడ వచ్చి వాళ్ల కోడలి మీద చాడీలు చెప్పి వెళ్లినా ఇరవయ్యే. మా డిపోలో ఏ బస్సూ ఇంత బుద్ధిగా నడవదు. ఆ రోజు నోరు మూసుకుని నాలుగు ముక్కలు తిన్నాను.

బొంత ఎవరికన్నది వంతులవారీ. పిల్లలిద్దరికీ అయ్యాయి, వాళ్లు వాటిని తీసుకుని ఎవరి కాపురాలకి వాళ్లు వెళ్లారు. తర్వాత అన్నయ్య వంతు వస్తే, మా పిన్నికి మోకాళ్ల నొప్పులు పాపం అని ఆవిడకి ఇప్పించేశాడు. ఈ ఏడు మళ్లీ అన్నయ్య వంతే. "డిపోలో చెల్లి క్యాబిన్‌కి తలుపు కూడా లేదు, చలికి గడ్డకట్టుకుపోతోంది, ముందు దానికి కుట్టు" అన్నాడు. నేను మాటవరసకి కూడా వద్దనలేదు. నా పాత యూనిఫాం చొక్కాలు నాలుగు మూటకట్టి ఆ సాయంత్రమే వదిన ఒళ్లో పడేశాను.

చలి మొదలైన రెండో శనివారం రొట్టె పాడైంది. పిండి గిన్నె దాటి పొంగి, తర్వాత చతికిలబడి, పుల్లటి వాసన వేసింది. ఓవెన్లోంచి తీస్తే అడుగంతా బొగ్గు. వదిన పిండి కొట్టువాణ్ని తిట్టింది, పాత సరుకు అంటగట్టాడని. మర్నాడు రొట్టె చేయలేదు. ఆ పై శనివారం కొత్త కొట్టు, కొత్త పిండి, కొత్త ఈస్ట్ పొట్లం. అదే పులుపు, అదే మాడు. ఈసారి వదిన ఎవర్నీ తిట్టలేదు. నాకు భయం వేసింది అందుకే.

మాడిన అడుగు కత్తితో గీకుతూ, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు అంది.

"మూడోసారి కూడా ఇలాగే వస్తే తప్పు పిండిది కాదే, నా చేతిది. చట్రం విప్పి ఎవరికైనా ఇచ్చేస్తాను. నీకు సగం బొంతే, ఏమనుకోకు."

ఊరికే అనే మనిషి కాదు మా వదిన. ఒకప్పుడు ఆసుపత్రికి సైకిల్ మీద వెళ్లేది. ఒక వానాకాలం మలుపులో జారి పడింది. పెద్ద దెబ్బేం కాదు. మర్నాడే సైకిల్ని దుప్పట్ల గదిలో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చేసి, మళ్లీ దాని ఊసెత్తలేదు. అంతంతమాత్రంగా చేయడం ఆవిడ వల్ల కాదు. బాగా చేయాలి, లేదా చేతులు దులిపేసుకోవాలి. చట్రం పోయిందంటే రొట్టే పోతుంది, శనివారాలే పోతాయి. కిటికీ పక్కన ఖాళీ గోడ చూస్తూ కూర్చునే వదినని నేను ఊహించుకోలేకపోయాను.

మర్నాడు ఆదివారం ఆవిడ రొట్టె జోలికి పోలేదు, చట్రం ముందు మాత్రం కూర్చుంది. నేను వెళ్లి, కూరగాయలు తరిగే నెపంతో ముందుగదిలోనే కూర్చుని, వాచీ చీర కొంగు కింద దాచుకుని చూశాను. ఒక వరస ముప్ఫై రెండు నిమిషాలు. నమ్మలేక ఇంకో వరస చూశాను. ముప్ఫై రెండు. అప్పుడు చేతులు చూశాను. చూపుడువేలి కణుపులు వాచి ఉన్నాయి. ఎప్పుడూ వేలి కొసలతో చటుక్కున లాగే సూదిని, ఇప్పుడు అరచేతికి ఆనించి నెమ్మదిగా లాగుతోంది. నిన్న పొద్దున పిండి పిసికేటప్పుడు గోరువెచ్చని ముద్దలో చేతులు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోవడం కూడా గుర్తొచ్చింది. నేను బద్ధకం అనుకున్నాను.

పిండిలో తప్పు లేదు, ఓవెన్లో లేదు. ఐదు వరసలంటే గంటా నలభై నిమిషాలు అని ఆవిడ ఒంటికి తెలుసు. ఆ ఐదు వరసలూ ఇప్పుడు రెండున్నర గంటలు దాటుతున్నాయని ఆవిడకి తెలియదు. అప్పటిదాకా పిండి ఆగుతుందా? ఓవెన్లో అరగంట ఉండాల్సిన రొట్టె ముప్పావుగంట ఉంటే మాడదా?

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరికీ తెలుసు. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. వదిన తలెత్తి, ఏంటే గడియారం అలా చూస్తున్నావు అంది. ఆకలేస్తోందన్నాను. నిజం చెబితే ఆ సాయంత్రానికే చట్రం విప్పేస్తుంది. చెప్పకపోతే వచ్చే శనివారం రొట్టె మాడి, అదే చెబుతుంది. ఎటు చూసినా నాకు దారి కనపడలేదు.

మా అన్నయ్య లిఫ్టుల మెకానిక్. నిదానస్తుడు. ఆయన నోట మాట రావాలంటే మా ఆఖరి బస్సు కోసం ఎదురు చూసినట్టే. మెట్ల మీద ఆపి అంతా చెప్పాను, నిమిషాలతో సహా. చేతిలో ఉన్న పనిముట్ల సంచి కింద పెట్టి విన్నాడు. తనకి తెలుసన్నాడు. కిందటి చలికాలం చివర్లోనే మొదలైందట. ఆసుపత్రిలోనే డాక్టరుకి చూపించుకుని, ఆ చీటీ దిండు గలీబులో దాచుకుందట. కీళ్ల అరుగుదల. కుట్టొద్దనలేదట డాక్టరు, తొందరపడొద్దన్నాడట. చీటీ చదివి మళ్లీ అక్కడే పెట్టేశానన్నాడు.

ఏం చేద్దాం అని అడిగితే, వచ్చే శనివారం రమ్మన్నాడు. ఏమీ మాట్లాడకుండా కూర్చోగలవా అని కూడా అడిగాడు. అదే కష్టమన్నాను.

ఆ శనివారం నేను పరీక్షకి వచ్చిన పిల్లలా కూర్చున్నాను. వదిన పిండి పిసికి పొయ్యి పక్కన పెట్టి వచ్చింది. వరస మొదలుపెట్టింది. ముప్ఫై రెండు. మళ్లీ ముప్ఫై రెండు. ఐదో వరస అయ్యేసరికి రెండు గంటల నలభై నిమిషాలు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. వదిన లేచి వంటగదిలోకి వెళ్లింది. నేనూ వెనకే లేచాను. వెళ్లి చూస్తే పిండి సరిగ్గా గిన్నె అంచు దగ్గర, ఒక్క వేలు కూడా దాటకుండా ఆగి ఉంది. ఆ మధ్యాహ్నం ఓవెన్లోంచి దిగిన రొట్టె ఎర్రగా, ఎప్పటిలాగే ఉంది. వదిన దాన్ని తిరగేసి, అడుగున వేలితో తట్టి చూసి, పిండి కొట్టువాడికి మొత్తానికి బుద్ధొచ్చిందంది.

నేనూరుకుంటానా? ఆదివారం వదిన చట్రం ముందు కూర్చోగానే నీళ్లు తాగే వంకతో వంటగదిలోకి వెళ్లాను. అంత పొడుగు మనిషి, మా అన్నయ్య, చెప్పులు విప్పేసి, పిండి గిన్నెని పసిపిల్లలా పొట్టకి హత్తుకుని, మునివేళ్ల మీద నడుస్తున్నాడు. దాన్ని తీసుకెళ్లి చల్లగాలి తగిలే వెనక కిటికీ గట్టు మీద పెట్టాడు. ఐదో వరస సగానికి వచ్చేసరికి మళ్లీ పొయ్యి పక్కకి చేర్చాడు. ఓవెన్ నాబ్ చూస్తే దాని మర మీద కొత్త గీతలు మెరుస్తున్నాయి. వదిన ఎప్పటి గుర్తు దగ్గరికే తిప్పుతుంది. ఆయన నాబ్‌ని విప్పి కాస్త పక్కకి బిగించాడు. అదే గుర్తు దగ్గర ఇప్పుడు వేడి తక్కువ.

నాకు కోపం వచ్చింది. ఇది మోసం కాదా అని గుసగుసగానే నిలదీశాను. అన్నయ్య చేతులు తుడుచుకున్నాడు.

"మొన్న ఒక భవనంలో లిఫ్టు బాగుచేశాను. అందులో అందరూ పెద్దవాళ్లే. తలుపు ఇంకో నాలుగు సెకన్లు తెరిచి ఉండేలా పెట్టి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. పరిగెత్తకుండా ఎక్కుతున్నారు, అంతే కదే."

నాలుగు సెకన్లంటే నా లెక్కలో కూడా లేట్ కాదు.

అలా చలికాలమంతా గడిచింది. ప్రతి శనివారం, ప్రతి ఆదివారం గిన్నె అటూ ఇటూ ప్రయాణం చేసింది. రొట్టె ఒక్కసారీ మాడలేదు. నేను వాచీ ఇంట్లో పెట్టి వెళ్లడం మొదలుపెట్టాను.

చలి తగ్గుతున్న ఒక ఆదివారం నా బొంత ఆఖరి వరసకి వచ్చింది. వదిన పక్కన నేను దారం ఎక్కించి ఇస్తున్నాను. అన్నయ్య వంటగది గుమ్మంలో నిలబడి రొట్టె కోస్తున్నాడు. వదిన తలెత్తకుండానే అడిగింది.

"గడియారం, ఒక్క మాట నిజం చెప్పు. వరసకి ఎంత పడుతోంది నాకు?"

రొట్టె కోసే కత్తి ఆగిపోయింది. ఇరవై రెండేళ్లు నాకు అడ్డొచ్చాయి. డ్రైవర్ల మొహాలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఇరవై" అన్నాను.

సూది గుడ్డలోనే ఆగింది. వదిన నా వైపు చూసింది. "డిపోలో కూడా ఇలాగే రాస్తావా?"

"లేదు. ఇక్కడొక్కచోటే."

ఇక కోప్పడుతుందనీ, చట్రం విప్పేస్తుందనీ అనుకున్నాను. ఆవిడ తల వంచుకుని ఆఖరి నాలుగు కుట్లూ కుట్టింది, నిదానంగా, ఒక్కొక్కటీ అరచేత్తో లాగుతూ. ముడి వేసి దారం తెంపింది. బొంత విప్పి, మడతపెట్టి నా ఒళ్లో పెట్టింది. ఖాళీ చట్రం మీద చెయ్యి వేసి, వంటగదికి వినపడేలా నాతోనే అంది.

"వచ్చే చలికాలం మీ అన్నయ్యది మొదలుపెడతాను. ఈసారి ఎవరికీ ఇచ్చేయనివ్వను. పొడుగు మనిషి, వరసలు ఎక్కువే పడతాయి. పడితే పడనీ." వాచిన వేళ్లని రెండో చేత్తో నెమ్మదిగా రుద్దుకుంది. "ఓవెన్ రోజూ తుడిచేది నేనే కదే. ఆ నాబ్ అలాగే ఉంచమని చెప్పు."