పత్తి గోదాములో డ్రమ్స్ సెట్టు

మా మనవరాలు నిన్న ఫోను నా ముందు పెట్టి, "అవ్వా, ఈ డ్రమ్స్ సెట్టు సూడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకూ, బాగా వచ్చినోళ్లకూ ఇదొక్కటే సరిపోతాదంట. తీసుకోమంటావా?" అని అడిగింది. అడిగి ఊరుకోక దాని మోత కూడా వినిపించింది. నేను ఫోను బోర్లా పెట్టేశాను. దెయ్యాలకూ పాములకూ భయపడే ఆడవాళ్లను చాలామందిని చూశాను గానీ, డ్రమ్స్ ఎంచుకోవడమంటే వణికేదాన్ని నన్ను తప్ప ఇంకొకరిని చూడలేదు.

ఎనభైల మొదట్లో నేను ఆదోనిలో బడిలో పాఠాలు చెప్పేదాన్ని, పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో పాడేదాన్ని. మా ఆయన పగలు జిన్నింగు మిల్లులో పత్తి నుంచి గింజలు తీసే యంత్రాల దగ్గర పనిచేసి, సాయంత్రాలు అదే ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవారు. ఆ యంత్రాల హోరు ఆయన వినికిడిని కొంచెం కొంచెంగా తినేసింది. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. స్టేజీ మీద నేను ముందు నిలబడి పాడుతూ ఎడమ చేత్తో తొడ మీద తాళం వేసేదాన్ని. ఆయన వెనకనుంచి నా చెయ్యి చూసి వాయించేవారు. దోమ కుట్టినా ఆ చెయ్యి ఆపడానికి లేదు. సంగతి బయటపడితే ఆయన చేతిలోని డ్రమ్స్ పుల్లలు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మిల్లు మాకు కూడు పెట్టేది గానీ, ఆయన నవ్వుతూ కనిపించేది డ్రమ్స్ ముందే. అవి పోతే ఆ మనిషి ఏమైపోతారోనని నాకు పగలూ రాత్రీ బెంగ.

ఆర్కెస్ట్రా యజమాని పత్తి వ్యాపారి. పాత డ్రమ్స్ చిరిగిపోతే, బళ్లారిలో మూతపడిన ఒక ఆర్కెస్ట్రా నుంచి రెండు సెట్లు తెప్పించి తన గోదాములో దింపించాడు. అందులో ఒకటి ఉంచుకోవాలి. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లనుంచి కొత్తగా నేర్చుకోవడానికి వస్తున్నవాళ్ల చేతికి అది అందాలి, మా ఆయన వేగానికీ తట్టుకోవాలి. "మోత యట్లుందో నువ్వే సెప్పల్లప్పా, నీ మాటే మాట" అన్నాడు మా ఇంటికొచ్చి, మా ఆయనతో. ఆ పూట నాకు అన్నం దిగలేదు. చివరికి ఇద్దరం ఒక ఉపాయం అనుకున్నాం. మోత బాగుంటే నేను నవ్వాలి, బాగాలేకపోతే కొంగు సర్దుకోవాలి.

గోదాములో నేలనుంచి కప్పుదాకా పత్తి బేళ్లే. మా ఆయన మొదటి సెట్టు ముందు కూర్చున్నారు. కూర్చునే పీట ఎత్తు మారుతుంది, చిన్న డ్రమ్ములు పొట్టివాళ్లకూ అందుతాయి, అంతవరకూ బాగానే ఉంది. ఆయన పుల్లలెత్తి బలంగా వేశారు. మోత రాలేదు. దుప్పటి కప్పి కొట్టినట్టు ఏదో ముద్దగా వినిపించి ఆగిపోయింది. ఆయన చేతులేమో తలదాకా లేచి పడుతున్నాయి. నాకూ చెవులు పోతున్నాయా? ఇద్దరికీ పోతే ఇక మాకు దిక్కెవరు? నవ్వడమూ మరిచిపోయాను, కొంగూ మరిచిపోయాను. నోరు తెరుచుకుని అలా నిలబడిపోయాను.

ఆయన నా వైపు చూసి టక్కున పుల్లలు కింద పెట్టారు. "అబ్బ, గుండెలు అదిరిపోతాండాయి గదప్పా! ఇట్లాంటి మోత నేనెప్పుడూ ఇనలేదు. ఇదే తీసుకుందాం" అన్నారు.

బేళ్లు మోసే హమాలీ ఒకడు కిసుక్కున నవ్వాడు. యజమాని ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు. అయిపోయింది, తెలిసిపోయింది అనుకున్నాను. యజమాని సెట్టును బయటికి మోయించి, బండల మీద పెట్టించి, తనే పుల్ల తీసుకుని ఒక దెబ్బ వేశాడు. గోదాము రేకుల మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. లోపల మోతనంతా పత్తి మింగేసిందని అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు.

"అంత పత్తిలో కూడా పసిగట్టినావు గదప్పా! సెవంటే నీదే సెవి!" అని యజమాని ఆయన భుజం చరిచాడు. నాకు ఒళ్లంతా చెమటలు. తుడుచుకోవడానికి కొంగు ముట్టుకుంటే ఈయన మాట మార్చేస్తారేమోనని అదీ చేయలేదు.

దారిలో సైగలతో అడిగాను, అలా ఎందుకన్నారని. "నీ మొగం సూసినా. అంతగా బెదిరిపోతివి గదా, గట్టిగా మోగింటాదనుకున్నా" అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ రోజునుంచి ఎమ్మిగనూరులో గానీ, పెద్దకడుబూరులో గానీ ఎవరు డ్రమ్స్ కొనాలన్నా ఆయన చెవికి పిలుపు వచ్చేది. నేనూ వెంట వెళ్లేదాన్ని. ఈసారి తప్పకుండా దొరికిపోతామని ప్రతిసారీ లోపల వణుకుతూనే, పైకి ఏమీ కనబడనివ్వకుండా ఉండటం నేర్చుకున్నాను. ఆయన మంచాన పడినప్పుడు, ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పిన మాట విన్నదాన్ని నేనే. ఆయన నా ముఖంలోకి చూసి, ఏమీ కనబడక, నిశ్చింతగా అటు తిరిగి పడుకున్నారు. రోజులు గడిచేకొద్దీ నా భయం పోతుందనుకున్నాను. కాలం ఆయన్ను తీసుకుపోయింది, భయాన్ని నాకు వదిలేసింది.