కిటికీ సందులో తడిగుడ్డ

మా మేడం పోయారని కబురు వచ్చినప్పుడు నేను రాప్తాడు దగ్గర బస్సులో ఉన్నాను. బయట ఆషాఢపు గాలి ఎర్రదుమ్ము లేపుతోంది. ముందు గుర్తొచ్చింది ఆవిడ ముఖం కాదు, మా ల్యాబు కిటికీ.

ఆవిడ దగ్గరే నేను భౌతికశాస్త్రంలో పరిశోధన చేశాను. గడియారాల్లో, కాలిక్యులేటర్లలో అంకెలు చూపించే ద్రవ స్ఫటికం ఉంటుంది కదా, అందులో కంటికి ఆనని వెండి రేణువులు కలిపి, తక్కువ కరెంటుకే చురుగ్గా పనిచేయించాలని మా తాపత్రయం. రేణువులు కాస్త ఎక్కువైనా గుంపు కట్టి అంతా పాడవుతుంది. మేడం ధర్మవరం మగ్గాల ఇంట పుట్టిన మనిషి. "జరీ ఎక్కువేస్తే చీర బరువైతాదే గానీ బాగుండదప్పా" అనేవారు.

మేం కలిపేవి సరే, అనంతపురం గాలి కలిపేవాటి మాటేమిటి? ఆ దుమ్ము రాకుండా మేడం పొద్దున్నే వచ్చి కిటికీ సందుల్లో తడిగుడ్డలు కూరేవారు. ఎండిపోతే మళ్లీ తడిపేవారు.

ఒకరోజు మామూలు వోల్టేజిలో సగానికే స్ఫటికం కదిలింది. నా థీసిస్ గట్టెక్కిందని ఎగిరి గంతేశాను. మేడం మాత్రం కిటికీ దగ్గరికి పోయి గుడ్డ ముట్టుకున్నారు. కరకరలాడుతూ ఎండిపోయి ఉంది.

"ఇది మన వెండి పనా, గాలి తెచ్చిన దుమ్ము పనా?"

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ ఫలితం రాలేదు. కరెంటు కోతలకు నమూనాకు కావలసిన వేడి నిలవకే రాలేదని వాదించాను.

"అదీ గావచ్చు. తెల్దంటే తెల్దని రాయల్ల."

ఆ ఫలితం మీద పత్రికకు పేపరు పంపనివ్వలేదు. బక్కచిక్కిన థీసిస్‌తో బయటపడ్డాను. యూనివర్సిటీ ఉద్యోగం రాలేదు. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఆవిడ మీద గౌరవం కూడా అక్కడే మొదలైంది, ఏం చేయను?

కొన్నేళ్లకు ఇంకెక్కడో అలాంటి ఫలితమే అచ్చయితే, పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. "వాళ్లకొచ్చింది వాళ్లది. మనకొచ్చింది ఏందో మనకు తెల్దు కదప్పా" అని మజ్జిగ ఇచ్చి పంపారు. ఆవిడకు ఆ బాధే లేదనుకున్నాను.

పోయిన నెల ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమప్పా, ఆ పొద్దు స్ఫటికం నింపేటప్పుడు గుడ్డ తడిగానే ఉండెనా?"

అవునంటే నమ్మేవారు. నాకు నిజంగా గుర్తులేదు.

"తెల్దు మేడం" అన్నాను. తలూపి, అటు తిరిగి పడుకున్నారు. ఆవిడ నేర్పిన మాటే చెప్పాను. అయినా మనసు కుదుటపడటం లేదు.

దహనం అయ్యాక, ఆవిడ జబ్బుపడినప్పటి నుంచి మూసి ఉన్న ల్యాబు తాళం తీయించాను. బల్ల మీద నమూనాలేవీ లేవు, దుమ్మే. కిటికీ సందులో ఆవిడ గుడ్డ, కూరిన మడతలోనే బిగుసుకుపోయి ఉంది. తీసి, కుళాయి కింద తడిపి, మళ్లీ అక్కడే కూరాను.